రోహిణి కార్తెలో వేణ్ణీళ్ళు

కృత్తిక కార్తె, చివరి రోజు

డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. "పాపకి బిగుసు ఎప్పుడొచ్చింది, ఎంతసేపు నీళ్ళు పోస్తే వదిలింది, అంతవరకు రాయండి చాలు" అంది. అంతవరకే రాయడం నా వల్ల కాదు. నోరు కట్టేసుకోవడం నాకు పుట్టుకతో రాలేదు, చేతికి మాత్రం ఎక్కడినుంచి వస్తుంది?

మా కళకి ఎనిమిదేళ్ళు. అసలు పేరు సూర్యకళ. పరదా కట్టాక పుట్టిన పిల్లల్లో సగంమందికి ఎండ పేర్లే. భూమి ఉడికిపోతోందని దేశాల పెద్దలందరూ కలిసి ఎండ దిగకుండా ఆకాశమంతా పొడి చల్లి పరదా కట్టారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఒకప్పుడు రెంటచింతల అంటే ఎండకి పేరుపడ్డ ఊరు. ఎండాకాలం వచ్చిందంటే వార్తల్లో ముందు మా ఊరి పేరే చెప్పేవారు. ఇప్పుడు అదే ఊళ్ళో, అదే మే నెలలో, కుళాయి తిప్పితే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

బిగుసు ఈ చలిలో పుట్టిన పిల్లలకే వచ్చే జబ్బు. తెల్లవారుజామున పాదాలు బిగుసుకుంటాయి. అక్కడినుంచి మోకాళ్ళు, నడుము, ఆఖరికి రొమ్ము. రొమ్ముదాకా వచ్చిందంటే ఊపిరికే ఎసరు. మందు లేదు. ఒళ్ళు ఓర్చుకోగల వేడి నీళ్ళు వెన్నుమీద ధార తెగకుండా పోస్తూ ఉండాలి, పట్టు వదిలేదాకా. మధ్యలో ధార తెగితే రెండో పట్టు మొదటిదానికంటే గట్టిగా ఉంటుంది.

ఇవాళ తెగింది. మాది పాత ట్యాంకు గీజరు. దాన్లో నీళ్ళు అయిపోయేసరికి పిల్లకి నడుము వదిలింది, రొమ్ము వదల్లేదు. మళ్ళీ కాగేదాకా కూర్చోవడానికి వ్యవధి ఎక్కడిది? నేను, మా ఆయన అంకారావు, మా అత్తగారు అచ్చమ్మ ముగ్గురం దాన్ని దుప్పట్లలో చుట్టి అరచేతులతో రుద్దాం. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఆఖరికి వదిలింది. ఎలా వదిలిందో నాకు తెలియదు.

డాక్టరమ్మ విని ఒకటే మాట చెప్పింది. "ట్యాంకు లేని హీటరు పెట్టుకోండి. నీళ్ళు పారుతుండగానే వేడెక్కుతాయి, అయిపోవడమన్నది ఉండదు. చూసి మంచిది ఎంచుకోండి. వచ్చే కార్తెలో పరదాకి ఇంకో పొర వేస్తున్నారు."

రోహిణి, మొదటి రోజు

రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయనేవారు. మా ఇంట్లో పగిలినవి మా అత్తగారి మడమలు. ఆవిడ వాటికి వెన్నపూస రాసుకుంటూ, "రోహిణిలో ఉక్కకి ప్రాణం పోయేది" అని మొదలుపెట్టింది. కళ పక్కనే ఉంది.

"నాయనమ్మా, ఉక్కంటే ఏంది?"

"ఉక్కంటే ఉక్కేనే. ఒంట్లోనుంచి నీళ్ళు కారతయ్."

"ఏడుస్తారా?"

"కళ్ళల్లోనుంచి కాదే పిచ్చిదానా. నుదురు, మెడ, ఈపు, ఒళ్ళంతా."

"నొప్పెడతదా?"

మా అత్తగారు ఇంకో మడమ అందుకుంది. "నొప్పి కాదు. ఇసుగు. ఎవుర్నీ దగ్గిరికి రానియ్యబుద్ది కాదు. తలుపులన్నీ తీసేసి ఇసనకర్ర పుచ్చుకుని కూచునేవాళ్ళం."

చలి తగ్గడానికి తలుపులన్నీ గుడ్డలు కుక్కి మూసుకునే పిల్ల ఇది. "నాయనమ్మ ఊరికే చెప్పుద్ది" అని నావైపు తిరిగి కన్ను కొట్టింది. నాకు నవ్వు రావలసింది, ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం సైదులు దుకాణానికి వెళ్ళాం. హీటరు ఎంచుకోవడం చీర ఎంచుకోవడంలాంటిది కాదు. ఇంటికి ఏడాదికి ఒక్కదానికే అనుమతి, నచ్చలేదని మార్చుకోవడం కుదరదు. పైగా గడపగడపకీ ఒక కత్తెర ఉంది. అంటే ఇనప కత్తెర కాదు, కరెంటువాళ్ళు గోడకి పెట్టిన పెట్టె. ఇంట్లో వాడకం ఒక్కసారిగా నాలుగు కిలోవాట్లు దాటిందా, టక్కున కోసేస్తుంది. ఒకే కార్తెలో మూడు కోతలు పడితే ఆ కార్తె అయ్యేదాకా ఇల్లు చీకటే. పుల్లలు వెలిగిద్దామంటే పొగ నేరం.

గోడకి వరసగా హీటర్లు తగిలించి ఉన్నాయి. మా ఆయన చూపు అన్నిటికంటే పెద్దదానిమీద పడింది.

"అది ఎనిమిది కిలోవాట్లన్నా. ధార చూస్తే మతి పోద్ది" అన్నాడు సైదులు.

"మా కత్తెర నాలుగు దగ్గర కోస్తుంది" అన్నాను.

"అయితే మతి కాదక్కా, ఇల్లే పోద్ది. ఇది తీసుకో." చిన్నది చూపించాడు. "మూడున్నర. వచ్చే నీళ్ళు ఎంత చల్లగా ఉన్నయ్యో చూసుకుని కావాల్సినంతే కరెంటు తీసుకుంటది. కుళాయి కట్టేస్తే చుక్క కూడా తాగదు. మీ ట్యాంకుది రోజల్లా కాచి కాచి గోడలకి పోస్తంది, తెలుసా?"

పెట్టెమీద నిమిషానికి మూడు లీటర్లు అని ఉంది. డాక్టరమ్మ చెప్పిన ధార కూడా అంతే. లాటరీ తగిలినంత సంతోషంగా కొనేశాను. మా ఆయన దారంతా ముఖం మాడ్చుకునే ఉన్నాడు.

రోహిణి, హీటరు బిగించిన మర్నాడు

రాయబుద్ధి కావడం లేదు. కానీ డాక్టరమ్మకి తెలియాలి.

తెల్లవారుజామున కళకి మోకాళ్ళదాకా వచ్చింది. నేను దాన్ని ఎత్తుకొచ్చేలోపు మా అత్తగారు నీళ్ళు సిద్ధం చేస్తానంది. మా ఇళ్ళలో స్నానం అంటే ఒకటే పద్ధతి. పొగలు కక్కే నీళ్ళు బకెట్లోకి పట్టి చన్నీళ్ళు కలుపుకోవడం. పొగ కనపడకపోతే అవి వేణ్ణీళ్ళే కాదు. ఆవిడ హీటరు మర ఆ చివరికంటా తిప్పేసింది, పొగ రావడానికి కుళాయి సన్నగా పెట్టింది. ధార మరీ సన్నగా పారితే ఈ హీటరు కాలిపోకుండా తనంతట తాను ఆరిపోతుంది. ఆ సంగతి మాకు ముగ్గురికీ తెలియదు.

అది ఆరిపోయింది. బకెట్లో సగం వేడి, దానిమీద చన్నీళ్ళ ధార, పైన ఆవిడ కలిపిన చన్నీళ్ళు. మొదటి చెంబు వెచ్చగానే ఉంది. మూడో చెంబు పడగానే పిల్ల కెవ్వుమంది. పట్టు నడుముకి ఎక్కింది.

నేను అత్తగారిమీద అరిచాను. నోటికొచ్చినదల్లా అన్నాను. ఆవిడ కళకి వదిలాక, నాపరాయి అరుగుమీద చలిలో కూర్చుని, "వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడంటారు గదా అమ్మాయ్" అని ఒక్క మాటంది. ఆ మాటకి అర్థం అది కాదని ఆవిడకీ తెలుసు.

రోహిణి, రెండో కోత పడిన రోజు

ఇప్పుడు మర నలభై దగ్గర పెట్టి, ఏమీ కలపకుండా, గొట్టంలోనుంచి నేరుగా వెన్నుమీదికే పోస్తున్నాను. హీటరు ఆరడం లేదు. కానీ ధార చిటికెనవేలంత కూడా లేదు. కుళాయి పెంచితే నీళ్ళు చల్లబడతాయి, తగ్గిస్తే వెన్నంతా తడవదు.

పెట్టె వెనక్కి తిప్పి చూశాను. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, లోపలికి వచ్చే నీళ్ళు ఇరవై అయిదు డిగ్రీలు ఉన్నట్టయితే నిమిషానికి మూడు లీటర్లు అని. మా కుళాయి నీళ్ళు ఆరు డిగ్రీలు. ఆ ఇరవై అయిదు డిగ్రీల నీళ్ళు నా చిన్నప్పటివి. మధ్యాహ్నం కుళాయి తిప్పితే ముందు కాలే నీళ్ళు వచ్చి, "కాసేపు పోనీయవే" అని మా అమ్మ అరిచేది. ఇప్పుడున్న నీళ్ళకి లెక్క వేస్తే ధార సగానికి సగం. నా బుర్ర ఆ దుకాణంలోనే పారేసుకొచ్చాను.

నిన్న మా ఆయన ఆత్రం పట్టలేక పాత గీజరు కూడా కలిపి వేశాడు. కోత. ఇవాళ నేను పొయ్యిప్లేటుమీద నీళ్ళ గిన్నె ఉందని మరిచిపోయి హీటరు వేశాను. కోత. ఒకళ్ళని ఒకళ్ళం తిట్టుకోవడానికి కూడా ముఖం లేదు. ఇంకొక్క కోత పడితే చీకటి, చలి, బిగుసు, అన్నీ ఒకేచోట.

సాయంత్రం ఎదురింటి రాహేలమ్మ వచ్చింది. స్టీలు గిన్నెలో వేడి గంజి, పైన మూత. "పిల్లకి తాపించండి పిన్నీ, ఉప్పేశాను. లోపలినుంచి వెచ్చబడద్ది" అంది.

మా అత్తగారు గుమ్మంలోనే నిలబడింది. "గంజికి గతిలేక లేంలేవే రాహేలూ. మా పిల్లకి పాలున్నయ్."

రాహేలమ్మ ముఖం చిన్నబోయింది. మూత సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నేనన్న మాటల బరువు ఎవరిమీదో ఒకరిమీద దింపాలి కదా, ఆవిడమీద దింపింది. నాకు సిగ్గేసింది.

రోహిణి, ఏకాదశి

ఒక విచిత్రం జరిగింది. నెమ్మదిగా రాయాలి, నాకే నమ్మకం కుదరడానికి.

పొద్దున్నే ఐదింటికి, వంటలకి కరెంటు వదిలామని కరెంటువాళ్ళ కూత వినపడగానే వీధంతా అన్నం వండుతుంది. కోటా బియ్యం జిగురు, వార్చకపోతే ముద్దే. ఇవాళ కళకి పాదాల వరకే వచ్చింది. మా అన్నం ఉడికి పొయ్యి ఆపాక, నేను హీటరు వేసి స్నానాల గదిలో దాని కాళ్ళమీద ధార పోస్తున్నాను. ఉన్నట్టుండి "అమ్మా, కాలతంది" అంది. చేయి పెట్టాను. నిజంగానే కాలుతోంది. కుళాయి పెంచాను. పెంచినా వేడి తగ్గలేదు. ధార బొటనవేలంత అయింది, దాని రెండు కాళ్ళూ నిండుగా తడిశాయి. కాసేపటికి మళ్ళీ మామూలే.

హీటరు చూశాను, ఏమీ మారలేదు. గోడ అవతలికి వెళ్ళి చూశాను. అక్కడ గిన్నెలు తోముకునే రాతి తొట్టి ఉంది. హీటరు బిగించిన కుర్రాడు మిగిలిన రాగి గొట్టాన్ని కోయడానికి బద్ధకించి, చుట్ట చుట్టి ఆ తొట్టిలో పడేసి పోయాడు. హీటరుకి వెళ్ళే చన్నీళ్ళు ఆ చుట్టలోనుంచే వెళ్ళాలి. మా ఆయన ఇంకా బద్ధకస్తుడు. అన్నం వార్చి, గంజి కాలువలో పోయకుండా తొట్టిలోనే కుమ్మరించి పోయాడు. మరిగే గంజిలో గొట్టం, గొట్టంలో చన్నీళ్ళు. హీటరు దగ్గరికి వచ్చేసరికే అవి సగం కాగిపోయాయి. కరెంటు చుక్క పెరగలేదు.

గంజి నీళ్ళలో కలవలేదు, ముట్టుకోలేదు. గొట్టం బయటినుంచి దాని వేడి మాత్రం ఇచ్చింది. ఇద్దరు బద్ధకస్తుల పుణ్యం.

కానీ ఒక ఇంటి గంజి రెండు నిమిషాలకే చల్లారిపోయింది. రొమ్ము పట్టు అరగంటకి గానీ వదలదు. రాత్రి భోజనాల దగ్గర అన్నాను, "వీధిలో ప్రతి ఇంట్లోనూ గంజి పారబోస్తున్నారు. వాళ్ళ కరెంటు వాళ్ళ అన్నానికే చాలదు, వేణ్ణీళ్ళు అడగలేం. గంజి అయితే ఎటూ కాలవ పాలే. అవసరమైన రోజున నాలుగిళ్ళూ తిరిగి తెచ్చుకుంటే..."

మా అత్తగారు అన్నంలో చేయి ఆపింది. "ఈ ఇంటికి కాపరానికొచ్చి నలభయ్యేళ్ళయింది. కరువులు చూశా. గంజి అడుక్కోను గడప దాటలా. ఇప్పుడు గిన్నె పట్టుకుని ఇంటింటికీ తిరుగుదామంటావా?"

"మీరు తిరగొద్దత్తయ్యా, నేనే తిరుగుతాను."

"నువ్వు తిరిగితే ఈ ఇంటి కోడలు తిరిగినట్టు కాదా?"

మా ఆయన పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. పిరికివాడికి ఉప్పు ఎప్పుడూ తక్కువే. ఎవరేమనుకున్నా రేపు పొద్దున్నే వెళ్ళి అందరితో మాట్లాడి వస్తాను. ముందు రాహేలమ్మతో.

రోహిణి, ద్వాదశి

నేను వెళ్ళడానికి వీలు లేకపోయింది.

పరదాకి కొత్త పొర రాత్రే వేసినట్టున్నారు. తెల్లవారకముందే గది గోడలు చెమర్చి ఉన్నాయి. కళ నన్ను పిలవలేదు. పక్కలో దాని కాలు తగిలితే కట్టె తగిలినట్టు అనిపించి లేచాను. అప్పటికే నడుము దాటింది. మా ఆయన ఎత్తుకొచ్చి స్నానాల గదిలో పీటమీద కూర్చుని ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకున్నాడు. నేను గొట్టం పట్టుకున్నాను. చిటికెనవేలంత ధార. మెడకింద పోస్తే నడుము చల్లబడుతోంది, నడుముమీద పోస్తే మెడ. నా కళ్ళముందే పట్టు రొమ్ముకి ఎక్కింది. ఊపిరి సన్నటి ఈలలా వస్తోంది.

కరెంటు కూత వినపడి అప్పటికే చాలాసేపయింది. వీధిలో అన్నాలు ఉడుకుతున్న వాసన. మా అన్నం పొయ్యిమీద లేదు, పెడితే మూడో కోత. మా ఆయన దాన్ని వదలడానికి లేదు. నేను ధార వదలడానికి లేదు. గుమ్మంలో మా అత్తగారు నిలబడి ఉంది. నేను ఆవిడవైపు చూశాను. అడగలేదు.

ఆవిడ లోపలికి వెళ్ళింది. సత్తుగిన్నె తీసుకుని కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా వీధిలోకి వెళ్ళింది. ఎదురింటి తలుపు కొట్టిన చప్పుడు వినపడింది. తర్వాత ఆవిడ గొంతు.

"రాహేలూ. గంజుంటే పొయ్యవే. మాకు గంజికి గతిలేదు. నా మనమరాలు పోతంది, దానికి గంజికి గతిలేదు."

ఆ మాట నేను పోయేదాకా మరిచిపోను. రాహేలమ్మ ఏమీ దెప్పలేదు. "అట్టా చేత్తో పట్టుకోమాక పిన్నీ, కాలుద్ది. నువ్వు జరుగు, నేను తెస్తన్నా. యాడ పొయ్యాలో చెప్పు" అంది. మరుక్షణం వీధి దద్దరిల్లేలా కేకేసింది, "ఎవురూ గంజి పారబొయ్యమాకండి. వార్చినోళ్ళు వార్చినట్టే అచ్చమ్మ పిన్ని తొట్లోకి తీసుకురండి. మూతలు పెట్టి తీసుకురండి, చల్లారిపోద్ది."

మొదటి గిన్నె పడ్డ చప్పుడు గోడ అవతల వినపడింది. తర్వాత రెండోది. ధార వేడెక్కింది. కుళాయి కొంచెం పెంచాను. ఇంకొంచెం. వేలంత, బొటనవేలంత, ఆ పైన. పిల్ల మెడనుంచి నడుముదాకా ఒకేసారి తడుస్తోంది. ఎవరెవరు వచ్చారో నాకు తెలియదు. గిన్నెల మోత, అడుగుల చప్పుడు, "జరుగు జరుగు" అని మాటలు. చల్లారిన గంజిని చెంబులతో తోడి పారబోసి, తొట్టిలో వేడిది నింపుతున్నారు. మా అత్తగారు తొట్టిలో చేయి పెట్టి చూస్తూ "ఇంకా, ఇంకా" అంటోంది.

నడుము వదిలింది. రొమ్ము వదల్లేదు. గిన్నెల చప్పుడు తగ్గింది. ఆగిపోయింది. నీళ్ళు చల్లబడకుండా కుళాయి తగ్గిస్తుంటే ధార పల్చబడుతోంది. తెగితే రెండో పట్టు. నేను మా ఆయన ముఖం చూశాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. దేవుడా, ఇంత దూరం తెచ్చి ఇక్కడ వదిలేస్తావా అనుకున్నాను.

అప్పుడు రాహేలమ్మ మాట వినపడింది. "ఆగిద్దేమో అని నేను రెండో ఎసరు కూడా ఎక్కిచ్చా. ఇదుగో వార్చకొచ్చా."

"రేపటి బియ్యం గదే అయి?" మా అత్తగారి గొంతు.

"రేపు చద్దన్నం తింటాంలే పిన్నీ. పొయ్యి."

రాహేలమ్మని చూసి ఇంకో ఇద్దరో ముగ్గురో రేపటి బియ్యం ఎసట్లో పోశారని తర్వాత తెలిసింది. ధార మళ్ళీ లావయింది. ఎంతసేపు పోశానో చెప్పలేను డాక్టరమ్మా, క్షమించండి, గడియారం చూసే స్థితిలో లేను. ఒకసారి కళ వీపు నా చేతికింద కదిలింది. దగ్గింది. మళ్ళీ దగ్గింది. గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ మా ఆయన దానికంటే గట్టిగా ఏడ్చాడు.

ఆడవాళ్ళంతా ఖాళీ గిన్నెలతో స్నానాల గది గుమ్మంలోకి వచ్చేశారు. చలిగాలి రాకుండా తలుపు దగ్గరికి వేశారు. గదినిండా ఆవిరి, మనుషులు. నేను కళని పైకి లేపి తువ్వాలుతో తుడిచాను. నుదుటిమీద నీళ్ళు. తుడిచాను. మళ్ళీ వచ్చాయి. పై పెదవిమీద చిన్న చిన్న బొట్లు. కుళాయి కట్టేసే ఉంది.

అది నాలుకతో పెదవి తడుపుకుంది. ముఖం చిట్లించింది.

"ఉప్పగా ఉంది. అమ్మా, దూరం జరుగు. అందరూ మీద పడమాకండి." చుట్టూ చూసి, మా అత్తగారు కనపడ్డాక అడిగింది. "నాయనమ్మా, నాకు ఇసుగ్గా ఉంది. ఇదేనా ఉక్క?"

గదిలో ఉన్నవాళ్ళలో సగంమందికి ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. మా అత్తగారి అరచేతులు గంజికి కాలి ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "ఇదేనమ్మా" అంది. రాహేలమ్మ చేతిలో ఉన్న గిన్నెమీద మూత తీసుకుని, పిల్ల పక్కన చతికిలబడి, ఆ మూతతో దానికి విసరడం మొదలుపెట్టింది.